మూలం లేని ప్రతిరూపం

బ్రిటిష్ నౌకాదళపు చివరి బ్యాటిల్‌షిప్ వాన్‌గార్డ్‌ను 1960లో స్కాట్లండ్‌లోని ఫాస్లేన్‌కు తుక్కు చేయడానికి లాక్కెళ్లారు. 1906లో డ్రెడ్‌నాట్ అనే బ్యాటిల్‌షిప్ నీళ్లలోకి దిగింది మొదలు ఆ తరహా ఓడలను బ్రిటన్ పదుల సంఖ్యలో కట్టింది. వాటిలో నేడు ఒక్కటీ మిగల్లేదు. పోర్ట్స్‌మత్‌లో ఉన్న విక్టరీ తెరచాపల కాలం నాటిది. లండన్‌లో థేమ్స్ నది మీద సందర్శకులు ఎక్కి చూసే బెల్‌ఫాస్ట్ క్రూయిజరే గాని బ్యాటిల్‌షిప్ కాదు. ఇంగ్లండ్‌లోని బారోలో తయారైన మికాసా జపాన్‌లోని యోకోసుకాలో నిలిచి ఉంది గాని అది జపాన్ నౌకాదళానికి కట్టిన ఓడ, పైగా డ్రెడ్‌నాట్‌కు ముందు తరానిది. మిగతావాటిలో యుద్ధంలో మునిగినవి సముద్రం అడుగున ఉన్నాయి. మునగనివి కొలిమిలో కరిగిపోయాయి.

అందువల్ల ఈ ఓడలకు స్కేలు నమూనాలు చేసే పనికి ఒక విచిత్రమైన లక్షణం అబ్బింది. సుమారు 196 మీటర్ల పొడవున్న బ్యాటిల్‌షిప్ వార్‌స్పైట్‌ను 350వ వంతుకు కుదిస్తే 56 సెంటీమీటర్లు, 700వ వంతుకు కుదిస్తే 28 సెంటీమీటర్లు. ఆ కాస్త పొడవులోనే ప్రతి ఫిరంగి, ప్రతి నిచ్చెన, ప్రతి గుండ్రటి కిటికీ ఉండాల్సిన చోటే ఉండాలని పట్టుబట్టేవాళ్లు ఎందరో ఉన్నారు. ఒక కిటికీ వరుస తప్పని తేలితే పూర్తయిన భాగాన్ని కోసేసి మళ్లీ చేస్తారు. కచ్చితత్వమంటే ఒకటి మరొకదానికి సరిపోవడం. సరిపోల్చుకోవాల్సిన ఓడే లేనప్పుడు ఇది సరి, ఇది తప్పు అని దేన్నిబట్టి అంటున్నారు? జ్ఞానానికి ఆధారమేమిటి, సాక్ష్యం ఎంతుంటే నమ్మకానికి ఎంత హక్కు ఉంటుంది అని తాత్త్వికులు అడుగుతూ వచ్చిన ప్రశ్నలే ఇక్కడ ప్లాస్టిక్ ముక్కల మధ్య, ఇత్తడి రేకుల మధ్య ఎదురవుతాయి.

మొదటి చిక్కు అసలు ఏ ఓడ అన్నది. వార్‌స్పైట్ 1913లో డెవన్‌పోర్ట్‌లో జలప్రవేశం చేసింది. 1916 మే 31న జట్‌లాండ్ యుద్ధంలో పోరాడినప్పుడు దానికి రెండు పొగగొట్టాలు. 1920ల మధ్యలో ఆ రెంటినీ కలిపి ఒకటి చేశారు. టార్పెడో దెబ్బ కాచుకోవడానికి రెండు పక్కలా ఉబ్బెత్తు గదులు కట్టారు. 1934 నుంచి 1937 దాకా పోర్ట్స్‌మత్‌లో జరిగిన పునర్నిర్మాణంలో ఇంజన్లు, బాయిలర్లు తీసేసి కొత్తవి పెట్టారు. ఓడను నడిపించే పాత బ్రిడ్జిని కూల్చి కోట బురుజులాంటి కట్టడం లేపారు. అంతవరకు 20 డిగ్రీలే పైకి లేచే 15 అంగుళాల ఫిరంగులు 30 డిగ్రీలు లేచేలా మార్చారు. విమానాలకు షెడ్డు వచ్చింది. 1943 సెప్టెంబరులో ఇటలీలోని సాలెర్నో దగ్గర జర్మన్ గైడెడ్ బాంబు ఓడను చీల్చుకుంటూ దిగింది. 1944 జూన్ 6న నార్మండీ తీరం మీద గుళ్లు కురిపించే నాటికి నాలుగు ఫిరంగి టరెట్లలో ఒకటి పని చేయడం లేదు. అడుగున పడ్డ చిల్లు కాంక్రీటుతో మూసి ఉంది. 1947లో తుక్కు కోసం లాక్కెళ్తుంటే తాడు తెంచుకుని కార్న్‌వాల్ రాళ్ల మీదికి ఎక్కింది. పేరొక్కటే మొదటినుంచీ చివరిదాకా మారలేదు.

గ్రీకు వీరుడు థీసియస్ ఓడ పలకలన్నీ ఒక్కొక్కటిగా మార్చేస్తే అది ఆ ఓడేనా అని ఏథెన్స్ తాత్త్వికులు వాదించుకునేవారని ప్లూటార్క్ రాశాడు. తీసేసిన పాత పలకలన్నీ దాచి ఎవరైనా మళ్లీ ఓడగా కడితే రెంటిలో ఏది అసలు ఓడ అని 17వ శతాబ్దంలో హాబ్స్ ఆ చిక్కును ఇంకా బిగించాడు. ఈ విషయంలో మన వైశేషికుల జవాబు మరీ తెగువైనది. అవయవి, అంటే భాగాలతో ఏర్పడిన వస్తువు, అవయవాల మొత్తం కాదు, వాటికన్నా వేరైన పదార్థం అంటారు వాళ్లు. ఆ మాట అన్నాక వస్త్రంలోంచి ఒక్క దారం లాగినా పాత వస్త్రం నశించి, మిగిలిన దారాలతో కొత్త వస్త్రం పుట్టిందని ఒప్పుకోక తప్పదు. ఆ లెక్కన 1934లో పోర్ట్స్‌మత్ రేవులోకి వెళ్లిన ఓడ వేరు, 1937లో బయటికి వచ్చిన ఓడ వేరు. బౌద్ధులు ఇంకో అడుగు ముందుకేసి అవయవి అనేదే లేదన్నారు. అవయవాల కూర్పుకు పెట్టుకున్న వ్యవహారనామమే రథమైనా, ఓడైనా. మిలిందపన్హలో నాగసేనుడు గ్రీకు రాజుకు రథాన్ని ఉదాహరణగా చూపి చెప్పింది ఇదే.

నమూనాలు చేసేవాళ్లు ఈ వాదాల జోలికి పోకుండానే ఒక పరిష్కారం కనిపెట్టారు: పేరు పక్కన తేదీ వేస్తారు. వార్‌స్పైట్ అని ఊరుకుంటే నిపుణుల దృష్టిలో అది అర్ధోక్తి. వార్‌స్పైట్, 1944 జూన్ అంటేనే వాక్యం పూర్తవుతుంది. ఏళ్ల తరబడి నిలిచి ఉన్న వస్తువును వాళ్లు చేయడం లేదు, ఒక క్షణాన్ని చేస్తున్నారు. ఫలానా రోజున రాడార్ ఎక్కడ ఉంది, ఏ పడవ తీసేశారు, రంగు ఎంత వెలిసింది అన్నదే ప్రశ్న. పని చేసేంతసేపూ ఈ మనిషి క్షణికవాది. నేమ్‌ప్లేట్ చెక్కేటప్పుడు మాత్రం అందరిలాగే ఓడ ఒక్కటేనని నమ్మే లౌకికుడు.

తేదీ ఖాయమయ్యాక రెండో చిక్కు మొదలవుతుంది. ఆ తేదీన ఓడ ఎలా ఉందో ఎలా తెలుస్తుంది? ఈ ప్రశ్నకు ఆంధ్రదేశీయుడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో క్రోడీకరించిన ప్రత్యక్ష, అనుమాన, ఉపమాన, శబ్ద ప్రమాణాల వరుస ఆశ్చర్యంగా అతుకుతుంది. ప్రత్యక్షం ఎలాగూ పోయింది. మిగిలిన మూడింటితో నెట్టుకు రావాలి.

శబ్దం అంటే ఆప్తవాక్యం: ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడి మాట. ఈ రంగంలో ఆప్తుడి స్థానం ఓడ పూర్తయ్యాక రేవులో గీసిన చిత్రాలది. ఓడను ఎలా కట్టాలో చెప్పే ప్లాన్లు వేరు, కట్టిన తర్వాత ఏది ఎక్కడ బిగించారో నమోదు చేసే చిత్రాలు వేరు. రెండో రకానివి గ్రీనిచ్‌లోని నేషనల్ మారిటైమ్ మ్యూజియం సేకరణలో పెద్ద సంఖ్యలో ఉన్నాయి. వాటి నుంచి, ఫొటోల నుంచి సమాచారం కూడగట్టి గీతలు గీసిన వాళ్లలో నార్మన్ ఊ పేరు ముందు చెప్పుకోవాలి. 1898లో పుట్టి 1965లో మరణించిన ఈయన బ్రిటిష్ యుద్ధనౌకల నమూనాలకే జీవితం ధారపోశాడు. ఆయన ప్లాన్లను ఇప్పటికీ ముందు పెట్టుకుని పని చేసేవాళ్లు ఉన్నారు. అయితే ఆప్తుడు కూడా తాను చెప్పదలచుకున్నదే చెబుతాడు. ఓడ కట్టిన కంపెనీలు తమ బోర్డు గదుల కోసం 48వ వంతు స్కేలులో చేయించిన నమూనాల్లో చిన్నచిన్న లోహపు భాగాలకు వెండి, బంగారు పూత పూయించేవి. కట్టినవాళ్లే చేయించిన నమూనా కదా అని ఆ మెరుపును నమ్మితే, బూడిదరంగు ఓడకు నగలు తొడిగినట్టే. ఆ నమూనాలు కంపెనీ గొప్పతనానికి సాక్ష్యాలు, రంగుకు కావు.

ఉపమానం సోదరి ఓడల నుంచి వస్తుంది. గోవును ఎరిగినవాడు ఆ పోలికతో అడవిలోని గవయాన్ని గుర్తుపట్టినట్టు, క్వీన్ ఎలిజబెత్ తెలిసినవాడు వార్‌స్పైట్‌ను ఊహించగలడు. ఆ తరగతిలో ఓడలు అయిదు. 1916లో ఆ ఊహ చాలావరకు నిలబడుతుంది. 1941 నాటికి నిలబడదు. క్వీన్ ఎలిజబెత్, వాలియంట్‌లకు పక్కలనున్న 6 అంగుళాల ఫిరంగులన్నీ తీసేసి 4.5 అంగుళాల జంట తుపాకులు పెట్టారు; వార్‌స్పైట్‌లో 6 అంగుళాలవి కొన్ని ఉంచారు; బార్‌హామ్, మలయా అంతటి పునర్నిర్మాణానికి నోచుకోలేదు. ఒకే తల్లి పిల్లలు ఏళ్లు గడిచేకొద్దీ వేర్వేరు ముఖాలు తెచ్చుకున్నారు. పోలిక ఎంత దగ్గరగా ఉంటే పొరపాటు అంత సులువుగా దూరుతుంది.

అనుమానానికి ముఖ్యమైన ఆధారం ఫొటో. పొగను చూసి నిప్పును ఊహించే తర్కం ఇక్కడ నలుపు తెలుపుల మీద నడుస్తుంది. ఆర్థోక్రొమాటిక్ అనే పాత ఫిల్ము ఎరుపును నల్లగా, నీలాన్ని తేలికగా చూపిస్తుంది. ఏ ఫిల్ము వాడారో తెలియకుండా మభ్యపెట్టే రంగుల పట్టీల్లో ఏది ముదురో, ఏది లేతో చెప్పబోతే హేత్వాభాస తప్పదు. యుద్ధకాలపు అధికారిక ఫొటోల్లో సెన్సారు వాళ్లు రాడార్ యాంటెన్నాలను చెరిపేసేవారు. ఫొటోలో లేదు కాబట్టి ఓడ మీద లేదనుకుంటే, అప్పటి శత్రువుతో పాటు ఇప్పటి నమూనాకారుణ్ణి కూడా ఆ సెన్సారు మోసం చేస్తాడు.

ఇక్కడ భాట్ట మీమాంసకులు, అద్వైతులు అదనంగా చేర్చిన అనుపలబ్ధి పనికొస్తుంది. కనిపించకపోవడం కూడా ఒక ప్రమాణమే, కాని ఒక షరతు మీద: వస్తువు ఉండి ఉంటే కనిపించి తీరాల్సిన పరిస్థితి ఉండాలి. పగటి వెలుతురులో బల్ల మీద కుండ కనిపించకపోతే కుండ లేదని తెలుస్తుంది. చీకట్లో కనిపించకపోతే ఏమీ తెలియదు. యుద్ధం వచ్చాక బ్రిటిష్ ఓడల్లో నీటికి దగ్గరగా ఉన్న కిటికీలను ఇనుప పలకలతో మూసేయడం సాగింది. ఒక ఫొటోలో కింది వరుస కిటికీలు కనబడలేదంటే మూసేశారనా, ఫొటో మసకనా, ఆ పక్క నీడలో ఉందా? అదే ఫొటోలో పై వరుస స్పష్టంగా ఉండి కింది వరుస మాత్రమే లేకపోతేనే లేవనడానికి హక్కు వస్తుంది. ఈ నియమాన్ని పేరు తెలియకుండానే పాటించేవాడు మంచి నమూనాకారుడు. పాటించనివాడు ఎంత నైపుణ్యం ఉన్నా తప్పులను అందంగా చెక్కుతాడు.

రంగు దగ్గర అన్ని ప్రమాణాలూ తడబడతాయి. బ్రిటిష్ అడ్మిరల్టీ 507ఏ, 507బి, 507సి లాంటి అంకెలతో బూడిదరంగులను నిర్ణయించింది. ఆనాటి రంగు కార్డులు మిగిలినచోట కూడా నూనె పసుపెక్కి రంగు మారింది. ఆ మాటకొస్తే డబ్బాలో రంగు కలిపిన కార్మికుడి చెయ్యి, పూసిన నావికుడి తొందర, ఉప్పునీరు, ఎండ కలిసి నెలలోపే ప్రామాణికమైన రంగును ఇంకేదో చేసేవి. ఓడే తన నిబంధనకు కట్టుబడి లేనప్పుడు, నిబంధన ప్రకారం సరైన రంగు పూసిన నమూనా ఓడకు దగ్గరా దూరమా అన్నది వాదించుకోవలసిందే.

సాక్ష్యం సంపూర్ణం కాదని తెలిసీ నిశ్చయంగా నమ్మవచ్చా? ఈ ప్రశ్న మీద 19వ శతాబ్దపు ఇంగ్లండ్‌లో ఇద్దరు మిత్రులు దశాబ్దాలు ఉత్తరాలు రాసుకున్నారు. వారిలో ఒకరు ఓడల నమూనాలతోనే పని చేసినవాడు కావడం ఈ విషయానికి దొరికిన అదృష్టం. విలియం ఫ్రౌడ్ ఇంజనీరు. 1870ల తొలినాళ్లలో డెవన్‌లోని టార్కీ దగ్గర అడ్మిరల్టీ సొమ్ముతో పొడవాటి నీటి తొట్టి కట్టి, మైనంతో చేసిన ఓడ దేహాలను అందులో లాగిస్తూ నీరు ఎంత అడ్డుకుంటుందో కొలిచాడు. రెండో మిత్రుడు జాన్ హెన్రీ న్యూమన్. ఆంగ్లికన్ మతగురువుగా ఉండి 1845లో కేథలిక్ అయ్యాడు, తర్వాత కార్డినల్ అయ్యాడు. ఫ్రౌడ్ భార్య, పిల్లల్లో చాలామంది న్యూమన్ దారిలో కేథలిక్కులయ్యారు. ఫ్రౌడ్ మాత్రం కదల్లేదు. ఏ విషయంలోనూ మనసు తిరుగులేని నిశ్చయానికి రాజాలదని, ఎంత బలమైన తీర్మానం పక్కనైనా సందేహానికి చోటు ఉంచడం నైతిక బాధ్యత అని ఆయన పట్టు. విడివిడిగా చాలని సంభావ్యతలు ఒకేవైపు మొగ్గినప్పుడు మనిషి హేతుబద్ధంగానే నిశ్చయానికి రాగలడని, బతుకులో అందరూ చేసేది అదేనని న్యూమన్ జవాబు. 1870లో ఆయన ప్రచురించిన గ్రామర్ ఆఫ్ అసెంట్ వెనుక ఈ వాదన ఉంది. 1879లో కార్డినల్ పదవి అందుకోవడానికి రోముకు వెళ్లినప్పుడు కూడా ఫ్రౌడ్‌కు సుదీర్ఘమైన జవాబు రాస్తూ ఉన్నాడు. అది చేరకముందే ఆ మే నెలలో ఫ్రౌడ్ దక్షిణాఫ్రికాలో మరణించాడు.

మూలం లేని ఓడకు నమూనా చేసేవాడు రోజంతా ఈ ఇద్దరి మధ్య నిలబడి ఉంటాడు. ఒక ఫొటో, ఒక చిత్రం, ఒక సోదరి ఓడ, ఒక నావికుడి జ్ఞాపకం విడివిడిగా చాలవు. కలిసి ఒకేవైపు చూపిస్తే కత్తి తీసి ప్లాస్టిక్ కోయక తప్పదు. నమూనాలో సందేహాన్ని చూపించే వీలు లేదు. పుస్తకంలో బహుశా అని రాయవచ్చు. ఓడ మీద బహుశా ఒక నిచ్చెన పెట్టడం కుదరదు. నిచ్చెన ఉంటుంది, లేదా ఉండదు. పని చేసే పద్ధతిలో న్యూమన్ గెలుస్తాడు. కొత్త ఫొటో బయటపడగానే పాత నిచ్చెన పీకేసే అలవాటులో ఫ్రౌడ్ గెలుస్తాడు. ఈ రెండో గుణం లేని నిశ్చయాన్ని మూఢత్వం అనడానికి సందేహించనక్కర్లేదు.

ఫ్రౌడ్ మైనపు బొమ్మలు ఇంకో సంగతి కూడా తేల్చాయి. వాటికి ఫిరంగుల్లేవు, పొగగొట్టాల్లేవు, రంగు లేదు. అలల విషయంలో మాత్రం అవి నిజమైనవి, ఎందుకంటే ఏ కొలతను ఎంత కుదించాలో ఆయన కనిపెట్టాడు: పొడవును ఎంత తగ్గిస్తే వేగాన్ని దాని వర్గమూలమంత తగ్గించాలి. 96వ వంతు స్కేలులో రెండు మీటర్ల వార్‌స్పైట్‌ను చెరువులో నడిపిస్తే, 24 నాట్ల వేగానికి సమానం గంటకు సుమారు నాలుగున్నర కిలోమీటర్లు, అంటే మనిషి నడక. వేగాన్ని కూడా 96తో భాగిస్తే ఓడ కదలనట్టే ఉంటుంది, ముందుభాగాన అల లేవదు. బరువు పొడవుకు ఘనంగా తగ్గుతుంది. 36,000 టన్నులు దాటిన ఓడ ఈ స్కేలులో 40 కిలోలు. అన్నిటినీ ఒకే పాళ్లలో తగ్గించిన నమూనా ప్రకృతిలో సాధ్యం కాదు. దేనికి నిజంగా ఉండాలో ముందు ఎంచుకోవాలి, మిగతాదాన్ని వదులుకోవాలి. రెండో ప్రపంచ యుద్ధంలో ఓడలను గుర్తుపట్టడం నేర్పడానికి బాసెట్-లోక్ కంపెనీ 1,200వ వంతులో చేసిన అరచేతి ఓడలకు ఛాయారూపం ఒక్కటే కావలసింది, అది ఉంటే చాలు.

కంటికీ కొలతకూ మధ్య తగవు కూడా ఇలాంటిదే. తల వెంట్రుక మందం 0.07 మిల్లీమీటర్లనుకుంటే 350వ వంతు స్కేలులో అది రెండున్నర సెంటీమీటర్ల తాడు. యాసిడ్‌తో చెక్కిన పదోవంతు మిల్లీమీటరు ఇత్తడి కడ్డీ మూడున్నర సెంటీమీటర్ల కడ్డీ, అసలు ఓడ అంచున ఉండే కంచె తీగకన్నా ఎంతో లావు. కొలతకు కట్టుబడితే కంచె కంటికి ఆనదు. కంటికి ఆనితే కొలత తప్పుతుంది. రంగుకూ ఇదే గతి. అసలు ఓడను అర కిలోమీటరు దూరం నుంచి, మధ్యనున్న గాలి పొర గుండా చూస్తారు. ఆ డబ్బాలోని రంగునే నమూనాకు పూసి అడుగు దూరం నుంచి చూస్తే మరీ ముదురుగా, బొమ్మలా కనిపిస్తుంది. అందుకని కొందరు తెలుపు కలిపి పలుచన చేస్తారు. ప్లేటో సోఫిస్టు సంవాదంలో ప్రతిమలను రెండు రకాలుగా విడదీశాడు: మూలపు పాళ్లను యథాతథంగా ఉంచేవి ఒకటి, ఎత్తున నిలిపే భారీ విగ్రహాల్లా, కింది నుంచి చూసేవాడికి సరిగ్గా కనిపించడానికి పాళ్లు మార్చేవి రెండోది. రెండోదాన్ని ఆయన అనుమానంగానే చూశాడు. మన చిత్రకారుల సంప్రదాయం అంత కటువుగా లేదు. కామసూత్రాలకు యశోధరుడు రాసిన జయమంగళ వ్యాఖ్యలో చిత్రానికి ఆరు అంగాలు చెబుతూ కొలతను ఒక అంగంగా, సాదృశ్యాన్ని మరో అంగంగా లెక్కించాడు. ఒకటి ఉన్నంత మాత్రాన రెండోది వచ్చేస్తుందని ఆయన అనుకోలేదు. తెలుపు కలిపేవాడు ఓడకు ద్రోహం చేస్తున్నాడన్న విమర్శకు ఇది చాలినంత జవాబు.

మతసంబంధమైన ప్రతిరూపాల పక్కన పెట్టి చూస్తే ఈ నమూనాల ప్రత్యేకత ఇంకా తెలుస్తుంది. సుమారు 4,000 ఏళ్ల కిందట ఈజిప్టులో మెకెట్రే అనే అధికారి సమాధిలో పెట్టిన చెక్క పడవలు చనిపోయినవాడు ప్రయాణించడానికి. డెన్మార్క్ చర్చీల్లో పైకప్పుకు వేలాడే ఓడలు దేవుడికి అర్పించినవి. వాటి కొలతలను అడిగేవాడు లేడు. ఆలయ విగ్రహానికి తాళమానం ఉంది, కొలత తప్పితే దోషం కూడా ఉంది. కాని ఆ కొలత ఎవరూ చూసి తీసుకున్నది కాదు, ధ్యానశ్లోకం నుంచి, ఆగమం నుంచి వచ్చింది. ప్రాణప్రతిష్ఠ జరిగాక అది దేవుడి బొమ్మ కాదు, దేవుడే. మూలం ఎదుట లేకుండా గ్రంథానికి విధేయంగా పని చేయడంలో బ్యాటిల్‌షిప్ నమూనా స్థపతి పనికి దగ్గరగానే ఉంది. సాన్నిధ్యం దగ్గర దారులు వేరవుతాయి. అద్దాల పెట్టెలోని ఓడలోకి ఎవరూ ఎవరినీ ఆవాహన చేయరు.

అయినా ఆ ఓడల్లో మనుషులు ఉండేవారు. 1941 మే 24న డెన్మార్క్ జలసంధిలో జర్మన్ బ్యాటిల్‌షిప్ బిస్మార్క్ ధాటికి పేలిపోయిన హుడ్‌లో 1,418 మంది ఉండగా ముగ్గురే బతికారు. సాంకేతికంగా బ్యాటిల్‌క్రూయిజరైనా నమూనాకారులకు అత్యంత ప్రీతిపాత్రమైన బ్రిటిష్ ఓడల్లో అదొకటి. దాన్ని రెండు రూపాల్లో ఎక్కువగా చేస్తారు. ఒకటి, స్పెయిన్ అంతర్యుద్ధ కాలంలో తటస్థతకు గుర్తుగా టరెట్ మీద ఎరుపు, తెలుపు, నీలం పట్టీలు వేసుకుని మధ్యధరా సముద్రంలో తిరిగిన లేత బూడిదరంగు హుడ్. రెండు, చివరి ఉదయపు హుడ్. ఓడలో ఉన్నదంతా చూపించే నమూనా ఓడ చేసిన పనిని, ఓడకు జరిగినదాన్ని చూపించదని ఒక ఆక్షేపణ ఉంది, అది నిజమే. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. సింహళం కేంద్రంగా హిందూ మహాసముద్రాన్ని కాయవలసిన బ్రిటిష్ నౌకాబలానికి అప్పుడు పతాకనౌక వార్‌స్పైట్. ఆ రోజున అది బంగాళాఖాతంలో లేదు. 1942 ఏప్రిల్ అని రాసిన నమూనాలో ఫిరంగులన్నీ సరిగ్గా ఉంటాయి, ఆ లేకపోవడం మాత్రం ఉండదు. కచ్చితత్వం ఆయుధాన్ని కీర్తించదు, ఖండించదు. ఆ పని చేస్తే గీస్తే ఎంచుకున్న తేదీ చేస్తుంది, పక్కన రాసిన నాలుగు మాటలు చేస్తాయి.

హుడ్ చివరి రూపానికి ఫొటోలు కొద్దే. చివరి ప్రయాణంలో పక్కనే సాగుతున్న ప్రిన్స్ ఆఫ్ వేల్స్ ఓడ నుంచి తీసిన ఫొటో ఆఖరివాటిలో ఒకటి. 2001లో శిథిలాలను సుమారు 2,800 మీటర్ల లోతున కనిపెట్టి కెమెరాలు దింపడంతో, పోయిందనుకున్న ప్రత్యక్ష ప్రమాణం ఛిన్నాభిన్నమైన రూపంలో తిరిగి వచ్చింది. ఆ చోటు సైనిక సమాధిగా 1986 నాటి బ్రిటిష్ చట్టం రక్షణలో ఉంది. అనుమతి లేకుండా ముట్టుకోరాదు. 2015లో ఓడ గంటను పైకి తెచ్చింది అనుమతితోనే. అది ఇప్పుడు పోర్ట్స్‌మత్‌లోని నౌకాదళ మ్యూజియంలో ఉంది. కెమెరా తెచ్చిన దృశ్యాలను చూసి ఒక రెయిలింగు వంపునో, కిటికీ మూతనో సరిదిద్దుకోవడం ముట్టుకోవడం కిందికి రాదు. అదీ తగదని ఎవరైనా అంటే వాళ్లను తప్పుపట్టడం కష్టం. తగునని అనేవాళ్ల వైపు ఒక్క మాట చెప్పవచ్చు: ఆ మరణాల గురించి ఏమీ తెలియనివాళ్లు ఆ రెయిలింగు కోసం అంత లోతుకు తొంగిచూడరు.